ధర మారినా నోటిఫికేషన్ రావడం లేదా? వెబ్‌సబ్‌లో ఎక్కడ చూడాలి

పలాసలో 80 కిలోల జీడి పిక్కల బస్తా ఎంత పలుకుతోందో రోజూ పొద్దున్నే మా చిన్న సైట్‌లో పెడతాం. ఆ ధరను తమ యాప్‌లలో చూపించేవాళ్లు ఇదివరకు ఐదు నిమిషాలకోసారి మా ఫీడ్ (కొత్త ధరలు వరుసగా ఉండే ఫైల్) తెరిచి చూసేవారు. ఇప్పుడు వెబ్‌సబ్ వాడుతున్నాం. ధర మారగానే మేం హబ్‌కి (మధ్యలో ఉండి కబురు చేరవేసే సర్వర్‌కి) చెబితే చాలు, చందాదారులందరికీ, అంటే ఆ కబురు కావాలని అడిగిన యాప్‌లకి, హబ్ పంపుతుంది. పబ్‌సబ్‌హబ్బబ్ పేరుతో మొదలైన ఈ పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది.

సమస్య: చందా అడిగితే 202 వచ్చింది, తర్వాత ఏమీ రాలేదు

202 అంటే మీ రిక్వెస్ట్ అందిందని మాత్రమే, చందా ఖాయమైందని కాదు. ఆ తర్వాత హబ్ మీ కాల్‌బ్యాక్‌కి (నోటిఫికేషన్లు పంపమని మీరిచ్చిన చిరునామాకి) ఒక గెట్ రిక్వెస్ట్‌లో హబ్.చాలెంజ్ అనే కోడ్ పంపుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు 200తో తిప్పి పంపాలి. చుట్టూ జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) కొటేషన్ గుర్తులు పడినా, సైట్ హెడర్ తోడైనా చందా నిలవదు. ముందు సర్వర్ లాగ్ చూడండి. గెట్ అసలు రాకపోతే కాల్‌బ్యాక్ బయటి నుంచి అందడం లేదు. వస్తే తప్పు మీ జవాబులో ఉంది.

సమస్య: పది రోజులు బాగా వచ్చి ఆగిపోయింది

నన్ను బాగా బాధపెట్టింది ఇదే. ఒక చందాదారు యాప్‌లో నాలుగు రోజులు పాత ధరే ఉండిపోయింది. మందస వైపు రైతు ఒకాయన అది నమ్మి సరుకు తక్కువకి అమ్ముకున్నాడు. ఎక్కడా ఎర్రర్ లేదు, కేవలం చందా గడువు తీరిపోయింది.

మీరు అడిగిన గడువే హబ్ ఇవ్వాలని లేదు. అసలు గడువు చాలెంజ్‌తో పాటు వచ్చే హబ్.లీజ్_సెకండ్స్‌లో ఉంటుంది. 864000 అని ఉంటే సరిగ్గా పది రోజులు. ఆ అంకెను డేటాబేస్‌లో రాసుకుని, సగం గడువు దాటగానే మళ్లీ చందా అడిగేలా క్రాన్ (వేళకి దానంతటదే నడిచే పని) పెట్టండి. గడువు తీరిందని హబ్ మీకు చెప్పాలన్న నియమం లేదు. అందుకే రోజుకోసారి ఫీడ్‌ని నేరుగా తెచ్చుకుని మీ దగ్గరున్న ధరతో పోల్చుకోండి. ఈ పని దండగ అనుకోవద్దు.

సమస్య: ఇంగ్లీషు పోస్టులకి సంతకం సరిపోతుంది, తెలుగు వాటికి కుదరదు

సందేశం హబ్ నుంచే వచ్చిందని చూపే సంతకం ఎక్స్-హబ్-సిగ్నేచర్. దాన్ని వచ్చిన బైట్ల మీదే లెక్కించాలి. "జీడి" అన్న మాట యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఫ్రేమ్‌వర్క్ జేసన్‌ని విప్పి మళ్లీ కట్టినప్పుడు ఆ అక్షరాలు యూనికోడ్ ఎస్కేప్ కోడ్‌లుగా మారితే బైట్లన్నీ మారిపోతాయి. ముడి బాడీని (విప్పకముందు వచ్చిన సందేశాన్ని) ముందే పక్కన పెట్టుకుని దాంతో సరిచూడండి. కుదరకపోతే ఆ ధర చూపించకండి.

సమస్య: ఒకే ధర రెండుమూడు సార్లు వస్తోంది

మీ సర్వర్ జవాబు ఆలస్యమైతే, అందలేదేమో అని హబ్ మళ్లీ పంపుతుంది. ముందు 200 ఇచ్చేసి, ఎస్సెమ్మెస్‌లు పంపే పని తర్వాత క్యూలో చేయండి. వచ్చిన ఎంట్రీ ఐడీ మీ దగ్గర ముందే ఉంటే దాన్ని వదిలేయండి.

సమస్య: హబ్ చందా తిరస్కరిస్తోంది

ఫీడ్‌లో రెల్ సెల్ఫ్ అని ఇచ్చిన చిరునామాను అక్షరం పొల్లు పోకుండా టాపిక్‌గా (మీకు కావాల్సిన ఫీడ్ చిరునామాగా) పంపండి. మా దగ్గర ఓసారి చివరి స్లాష్ ఒక్కటే తేడా, పూట పట్టింది కనుక్కోవడానికి.