గడ్డి మీద మారుతి 800 తిప్పడం ఎలా

శంషాబాద్ దాటాక మా బాబాయి బీడులో నాలుగు డ్రమ్ములు పెట్టి, కోడిగుడ్డు ఆకారంలో ట్రాక్ గీసుకునేవాళ్లం. బండి పాత మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, అది చాలు.

ముందు డ్రైవర్ సీటు తప్ప అన్నీ పీకేయండి. బ్యాటరీ గట్టిగా బిగించండి. మాది ఒకసారి ఊడి బానెట్ కింద నిప్పురవ్వలు లేచాయి. రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం), నాలుగు పట్టీల బెల్టు, హెల్మెట్ లేకుండా స్టార్ట్ చేయొద్దు. అప్పట్లో మాకున్నది స్కూటర్ హెల్మెట్ ఒక్కటే, చెప్పుకోడానికి సిగ్గు.

అసలు కథంతా మలుపులోనే. ఈ బండిని లాగేవి ముందు చక్రాలు. తడి గడ్డి మీద స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు నేరుగా పోతుంది. టెన్షన్‌తో ఇంకా తిప్పకండి. బండి తిన్నగా ఉండగానే బ్రేక్ వేయండి. తిప్పుతూ యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకొచ్చి ముందు టైర్లకు పట్టు దొరుకుతుంది, తోక బయటికి జారుతుంది. అప్పుడు స్టీరింగ్ కాస్త ఎదురు తిప్పి, మళ్లీ యాక్సిలరేటర్ నొక్కండి. సర్దుకుంటుంది. వెనక టైర్లలో రెండు మూడు పాయింట్ల గాలి ఎక్కువుంటే తోక ఇంకా తేలిగ్గా తిరుగుతుంది.

పది రౌండ్లకోసారి ఇంజిన్ ఆపి, రేడియేటర్‌కు అడ్డుపడ్డ గడ్డి తీయండి. మా పిన్ని ఆ పని చీపురుపుల్లతో చేసేది, మమ్మల్ని తిడుతూ.