మోడల్‌లో 52, చేతిలో 51.985
విజయనగరంలో మాది రెండు వీఎంసీల (ప్రోగ్రాం ప్రకారం లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషీన్ల) చిన్న షాపు. ఎక్కువగా జూట్ మిల్లు స్పేర్లే. ఒకప్పుడు అరిగిన ముక్కో, నూనె మరకల డ్రాయింగో చేతిలో పెట్టేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో స్టెప్ ఫైలు (ముక్క 3డీ మోడల్) పడేసి "బేగి చేసిచ్చీండి బాబూ" అంటున్నారు. ఆ ఫైళ్ల నుంచి సాఫ్ట్‌వేర్‌లో మెషీన్ ప్రోగ్రాం తీసేటప్పుడు మా దగ్గర తరచూ తగిలే తంటాలు ఇవి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో.

సమస్య: హౌసింగ్‌లో బేరింగ్ దిగదు, సుత్తితో కొట్టి దింపితే బిగుసుకుపోయి తిరగదు.

కారణం: 6205 బేరింగ్ బయటి వ్యాసం 52. మోడల్‌లోనూ బోర్ (బేరింగ్ కూర్చునే రంధ్రం) సరిగ్గా 52.000 గీసి ఉంటుంది. డ్రాయింగ్‌లో మాత్రం 52 హెచ్7, అంటే 52.000 నుంచి 52.030 దాకా ఉండొచ్చని. సాలిడ్ (3డీ మోడల్) ముఖాన్ని నొక్కి టూల్‌పాత్ (కట్టర్ నడిచే దారి) తీస్తే సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది 52 ఒక్కటే. కట్టర్ కాస్త వంగినా బోర్ 51.985 దగ్గర ఆగుతుంది.

పరిష్కారం: గురి మధ్యలో పెట్టండి, 52.015. ఫినిష్ పాస్‌లో (చివరి కోతలో) కాంపెన్సేషన్‌ని (కట్టర్ సైజు సవరణని) "కంప్యూటర్" నుంచి "వేర్"కి మార్చండి. అప్పుడు ప్రోగ్రాంలో జీ41 (మెషీన్‌లో పెట్టిన ఆఫ్‌సెట్ ప్రకారం కట్టర్‌ని పక్కకి జరిపే కోడ్) వస్తుంది. అది రాకపోతే మెషీన్ మీద ఆఫ్‌సెట్ ఎంత మార్చినా బోర్ కదలదు. నేను ఒక పూటంతా అలా మార్చుకుంటూ కూర్చున్నాను, మీకెందుకా ఖర్మ! బోర్ గేజ్‌లో 51.985 చూపిస్తే వ్యాసం 0.030 పెరగాలి, కాబట్టి రేడియస్ వేర్‌లో (కట్టర్ అరుగుదల ఆఫ్‌సెట్‌లో) 0.015 తగ్గించి ఫినిష్ పాస్ మళ్లీ తిప్పండి. మీ కంట్రోల్ వేర్‌ని వ్యాసంలో తీసుకునేదైతే 0.030 తగ్గించాలి. స్టెప్ ఫైలుతోపాటు పీడీఎఫ్ డ్రాయింగ్ ఇవ్వనివాళ్ల పని నేను మెషీన్ ఎక్కించను.

సమస్య: డీఎక్స్‌ఎఫ్‌లో (ఫ్లాట్ డ్రాయింగ్ ఫైలులో) చైన్ (గీతల వరసని ఒకేసారి ఎంచుకునేది) నొక్కితే సగంలో ఆగిపోతుంది.

అక్కడ జూమ్ చేయండి. గీతల మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంటే చివరలు కలపండి. గీత మీద గీత ఉంటే ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ (డబుల్ గీతలు తీసేసే కమాండ్) కొట్టండి. రెండూ కాకపోతే ఫ్రంట్ వ్యూకి తిప్పండి: పైనుంచి కలిసినట్టే కనబడే గీతల్లో ఒకటి జెడ్ 12లో (12 ఎత్తులో) వేలాడుతూ దొరుకుతుంది. దాన్ని జెడ్ సున్నాకి దింపండి. ఈ మూడోది కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ముక్క మరీ పెద్దగానో చిన్నగానో వస్తే అంగుళం, మిల్లీమీటర్ల గొడవ. తెలిసిన ఒక కొలత తీసి చూసి, 25.4తో గుణించండి లేదా భాగించండి.

స్టెప్ బదులు ఎస్‌టీఎల్ ఫైలు ఇస్తే రంధ్రం నిజమైన వృత్తం కాదు, త్రిభుజాల గుంపు. దానితో కుస్తీ పట్టకుండా స్టెప్ అడగండి.

నాలుగు రంధ్రాల ప్లేటుకి సాలిడ్ అక్కర్లేదు, ఫ్లాట్ డ్రాయింగ్ చాలు. వంపులున్న డైకి మాత్రం సాలిడే కావాలి.

సమస్య: ఎం8 (8 మి.మీ. బోల్టు) రంధ్రంలో మరలు పట్టలేదు.

కొందరు మోడల్‌లో 6.8 గీస్తారు, కొందరు 8. రంధ్రాలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను గుర్తుపట్టే ఆప్షన్ కనబడిన సైజుకే డ్రిల్ పెడుతుంది. పిచ్ (మరకీ మరకీ దూరం) 1.25 అయితే డ్రిల్ 6.8 అని డ్రాయింగ్ చూసి మీరే పెట్టాలి. మా కుర్రాడు ఒకసారి ఆరు రంధ్రాలూ 8 దింపేశాడు. పార్టీకి ఫోన్ చేసి, బతిమాలి, 8.5కి పెంచి ఎం10 ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) కొట్టాం. బోల్టుల డబ్బులు మేమే పెట్టుకున్నాం.