వానలు వెలిశాక డ్రోన్ దించుతున్నారా? ముందు రిసీవర్ సంగతి చూడండి

జూన్‌లో అటకెక్కిన రేసింగ్ డ్రోన్‌ని దసరా సెలవుల్లోనో, వరికోతలు అయిపోయి పొలాలు ఖాళీ అయ్యాకో కిందికి దించుతాం. బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టి, ప్రాప్స్ (ప్రొపెల్లర్లు) బిగించి, బండి మీద గ్రౌండ్‌కి పోతాం. తీరా అక్కడ రేడియో (చేతిలోని రిమోట్) ఆన్ చేస్తే, దాని సిగ్నల్ అందుకోవాల్సిన డ్రోన్‌లోని రిసీవర్ పలకదు. అసలు పలకకపోతే అదృష్టమే అనుకోండి. డ్రోన్ నేలమీదే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. నా భయమంతా సగం సగం పలికే రిసీవర్ గురించి. చేతికందే దూరంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వంద మీటర్లు వెళ్లాక చేతులెత్తేస్తుంది. అయిదంగుళాల ప్రాప్స్ ఉన్న డ్రోన్ బ్యాటరీతో కలిపి ఆరేడు వందల గ్రాములు తూగుతుంది, గంటకు వంద కిలోమీటర్ల పైన పోతుంది. అది పట్టు తప్పితే ఎవరి మీద పడుతుందో చెప్పలేం. అందుకే కింద రాసిన పరీక్షలన్నీ ముందురోజు ఇంట్లో, టేబుల్ మీద, తీరిగ్గా చేసుకోమంటున్నాను.

నేను వాడేది ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో లింక్ పద్ధతిలో నడిచే 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్, డ్రోన్‌ని నడిపించే బోర్డు అయిన ఫ్లైట్ కంట్రోలర్‌లో బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్. వాటినే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వేరే రిసీవర్ అయితే లైట్ల గుర్తులు మారతాయి, వెతికే పద్ధతి మాత్రం ఇదే.

స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోగానే చేయాల్సిన పని నాలుగు ప్రాప్స్ విప్పేయడం. రెండు నిమిషాల్లో అయిపోయే చెకింగే కదా అని వదిలేయకండి. రిసీవర్‌లో తప్పు వెతుకుతున్నామంటేనే, డ్రోన్ మన మాట వింటుందో వినదో తెలియని పరిస్థితిలో ఉన్నామని అర్థం. మా తమ్ముడు ఓసారి ఆర్మ్ స్విచ్ (మోటార్లు తిరగడానికి అనుమతిచ్చేది) పనిచేస్తోందో లేదో చూద్దామని ప్రాప్స్‌తోనే ఆర్మ్ చేసి, డ్రోన్‌ని చేత్తో కాస్త వంచాడు. ఆ వంపుని సరిచేయాలని ఫ్లైట్ కంట్రోలర్ ఒక్కసారిగా మోటార్ల వేగం పెంచేసింది. థ్రాటిల్ (మోటార్ల వేగం పెంచే స్టిక్) కిందికే ఉంది, అయినా చూపుడువేలికి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి మా ఇంట్లో ప్రాప్స్‌తో ఉన్న డ్రోన్‌కి టేబుల్ మీద బ్యాటరీ పెట్టం.

రేడియో యాంటెనా కూడా ఆన్ చేసేముందే చూసుకోండి. బ్యాగులో వదులైపోయి ఉంటుంది. యాంటెనా లేకుండా పవర్ ఇస్తే రేడియోలోని మాడ్యూల్ కాలిపోయే ప్రమాదం ఉంది. తేమలో నెలలపాటు ఉన్న డ్రోన్‌కి మొదటిసారి బ్యాటరీ పెట్టేటప్పుడు మధ్యలో స్మోక్ స్టాపర్ తప్పకుండా ఉండాలి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బోర్డు కాలకుండా అది కాపాడుతుంది.

ఇక కళ్లతో చూడటం. ఈ పనికి అరగంట పెట్టండి, దండగేమీ కాదు. వానాకాలం తేమకి సోల్డర్ చేసిన చోట్ల, ముఖ్యంగా నిరుడు తడి గడ్డిలో పడ్డ డ్రోన్ అయితే, రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. రిసీవర్ ప్యాడ్లు మరీ చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా ఉంటాయి. చిలుము కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాతే బ్యాటరీ. వైర్లను ఒక్కొక్కటిగా పట్టకారుతో అటూ ఇటూ కదిపి చూడండి. సోల్డర్ దగ్గర తీగ పోగులు తెగి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రమే పట్టుకుని ఉండటం చాలాసార్లు చూశాను. అంతా బాగుందనుకున్నాక సిలికాన్ కోటింగ్ వేసుకుంటే వచ్చే ఏడాదికి ఈ బాధ తగ్గుతుంది. యూఎస్‌బీ పోర్టుకి, బటన్లకి, బారోమీటర్ రంధ్రానికి, యాంటెనా కనెక్టర్‌కి మాత్రం అంటకుండా చూడండి.

ఆ యాంటెనా కనెక్టర్ గురించి విడిగా చెప్పాలి. నిరుడు మా ఊరి పొలంలో నా డ్రోన్ పడిపోయింది దానివల్లే. ఇంట్లో లింక్ క్వాలిటీ (రేడియో పంపిన ప్యాకెట్లలో ఎన్ని అందాయో చెప్పే శాతం) నూటికి నూరు చూపించింది. పొలంలో తాటిచెట్ల వరస దాటగానే గాగుల్స్‌లో (డ్రోన్ కెమెరా దృశ్యం చూపే కళ్లజోడు) ఆ అంకె గబగబా పడిపోయి ఫెయిల్‌సేఫ్ వచ్చింది, అంటే సిగ్నల్ తెగిందని డ్రోన్ మోటార్లు ఆపేసింది. బురదలో పడింది కాబట్టి ఫ్రేమ్ బతికింది. ఇంటికొచ్చి చూస్తే కనెక్టర్ పైనుంచి బాగానే ఉంది. అది ఆవగింజ కంటే కాస్త పెద్దది, కంటికి ఆనదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి పక్కనుంచి చూస్తే అప్పుడు కనిపించింది: ఇత్తడి రింగు ఒక వైపు వెంట్రుకంత లేచి ఉంది. లోపలి సూది తగలడం లేదు. గోటితో నొక్కితే టిక్కుమని కూర్చుంది. ఇప్పుడు దాని మీద చిన్న చుక్క సిలికాన్ జిగురు పెట్టి, యాంటెనా వైరుని ఫ్రేమ్‌కి జిప్ టైతో కడుతున్నాను, కనెక్టర్ మీద లాగుడు పడకుండా.

దీన్ని ఇంట్లోనే పట్టుకునే మార్గం ఉంది. లింక్ క్వాలిటీని ఒక్కదాన్నే నమ్మకండి, దగ్గర్లో అది ఎప్పుడూ నూరే చూపిస్తుంది. సిగ్నల్ బలాన్ని డీబీఎమ్ అనే కొలతలో చూడండి. అది మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. డ్రోన్ బాగున్న రోజునే రేడియో పవర్ 25 మిల్లీవాట్లకి పెట్టి, డ్రోన్‌ని అరుగు మీద ఉంచి, పది అడుగులు వెనక్కి నడిచి అక్కడ కనిపించిన అంకెని నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్రతి సీజన్‌కి ముందు అదే చోట, అదే పవర్‌తో మళ్లీ చూడండి. మూడు నాలుగు అటూ ఇటూ తేడా మామూలే. ఇరవై పడిపోయిందంటే యాంటెనా దగ్గరే తేడా ఉందని ఖాయం చేసుకోవచ్చు. ఇరవై డీబీ పోవడమంటే చిన్న విషయం కాదు, అడ్డాలేవీ లేని మైదానంలో కూడా కిలోమీటరు వెళ్లే లింక్ వంద మీటర్లకే తెగిపోతుంది.

రిసీవర్ అసలే కలవకపోతే, తెగింది గాలిలోనా తీగలోనా అన్నది ముందు తేల్చుకోండి. రేడియో ఆన్ చేశాకే డ్రోన్‌కి బ్యాటరీ పెట్టండి. రిసీవర్ లైటు ఆరకుండా వెలుగుతుంటే గాలిలో లింక్ బాగానే ఉంది. మెల్లగా ఆరుతూ వెలుగుతుంటే రేడియో దొరకలేదు. గబగబా మిణుకుమంటుంటే వైఫై మోడ్‌లోకి వెళ్లింది. ఇది చూసి చాలామంది రిసీవర్ పోయిందని టెన్షన్ పడతారు. సెట్టింగ్ మార్చకపోతే, అరవై సెకన్లపాటు రేడియో దొరకనప్పుడు అది తనంతట తానే వైఫైలోకి వెళ్తుంది. ఆ తర్వాత రేడియో ఆన్ చేసినా కలవదు, బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాలి. మూడుసార్లు మిణుకుమని ఆగుతుంటే లింక్ ఉంది కానీ మోడల్ మ్యాచ్ కుదరలేదు, రేడియోలో వేరే డ్రోన్ మోడల్ తెరిచి ఉన్నారేమో చూడండి.

లైటు మెల్లగానే మిణుకుతూ ఉండిపోయిందంటే, వానాకాలం ఖాళీలో రేడియోకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశారేమో గుర్తు తెచ్చుకోండి. రేడియో మూడో వెర్షన్‌కి వెళ్లి, రిసీవర్ రెండో వెర్షన్‌లోనే ఉండిపోతే అవి ఎన్నటికీ కలవవు. రెండింటినీ ఒకే వెర్షన్‌కి తేవాల్సిందే. రేడియోలో, రిసీవర్‌లో ఒకటే ఉండాల్సిన బైండింగ్ ఫ్రేజ్‌లో (రెండింటినీ జతకలిపే మాట) ఒక్క అక్షరం పెద్దదీ చిన్నదీ మారినా అంతే సంగతి. రిసీవర్ వైఫైకి ఫోన్ కలిపి బ్రౌజర్‌లో 10.0.0.1 కొడితే దాని వెర్షన్ కనిపిస్తుంది, ఫ్రేజ్ కూడా అక్కడే మార్చుకోవచ్చు.

లైటు స్థిరంగా వెలుగుతున్నా, యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి తెరిచిన బీటాఫ్లైట్ రిసీవర్ ట్యాబ్‌లో స్టిక్‌ల కదలిక చూపే గీతలు కదలడం లేదంటే లోపం తీగలో ఉంది, లేదా సెట్టింగుల్లో ఉంది. రిసీవర్ నుంచి వచ్చేవి నాలుగు తీగలు: అయిదు వోల్టులు, గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). రిసీవర్ టీఎక్స్ వెళ్లి ఫ్లైట్ కంట్రోలర్ ఆర్‌ఎక్స్‌కి, రిసీవర్ ఆర్‌ఎక్స్ వెళ్లి ఫ్లైట్ కంట్రోలర్ టీఎక్స్‌కి అడ్డంగా కలవాలి. పోర్ట్స్ ట్యాబ్‌లో ఆ తీగలు కలిసిన యూఆర్ట్‌కి (బోర్డు మీది సీరియల్ పోర్టు) సీరియల్ ఆర్‌ఎక్స్ ఆన్‌లో ఉండాలి, రిసీవర్ ప్రోటోకాల్ సీఆర్‌ఎస్‌ఎఫ్ అయి ఉండాలి. గీతలు కదులుతూ రేడియోలో బ్యాటరీ వోల్టేజ్ మాత్రం కనిపించకపోతే రెండో తీగ, అంటే రిసీవర్ ఆర్‌ఎక్స్‌కి వచ్చేది, తెగి ఉండొచ్చు. యూఎస్‌బీ మీద ఉన్నప్పుడు రిసీవర్ లైటు అసలు వెలగకపోయినా కంగారు పడకండి, కొన్ని బోర్డుల్లో అయిదు వోల్టుల ప్యాడ్‌కి యూఎస్‌బీ కరెంటు రాదు. బ్యాటరీ పెట్టి చూడండి, కానీ అప్పుడు ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. గాలి తగలకపోతే, గాగుల్స్‌కి దృశ్యం పంపే వీడియో ట్రాన్స్‌మిటర్ కొద్ది నిమిషాల్లోనే చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది.

గీతలు కదిలితే సరిపోదు, సరైన గీత కదలాలి. థ్రాటిల్ పెంచితే థ్రాటిల్ గీతే పెరగాలి. వేరేది కదిలితే ఛానెల్ మ్యాప్ (స్టిక్ ఛానెళ్ల వరస) ఏఈటీఆర్‌కీ టీఏఈఆర్‌కీ మధ్య తారుమారైంది. ఆర్మ్ స్విచ్ ఆక్స్ 1 (స్టిక్‌ల తర్వాత వచ్చే మొదటి స్విచ్ ఛానెల్) మీదే ఉంచండి, ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్‌కి అదే కావాలి. అన్నీ సరిగా ఉన్నా ఆర్మ్ కాకపోతే బీటాఫ్లైట్‌లో ఆదేశాలు టైపు చేసే సీఎల్ఐ ట్యాబ్‌లో స్టేటస్ అని కొట్టండి, ఎందుకు కావడం లేదో చివర్లో రాసి ఉంటుంది. ఆర్‌ఎక్స్‌లాస్ అని ఉంటే మళ్లీ లింక్ దగ్గరికే రావాలి.

మిగతావి ఏవి వదిలేసినా ఫెయిల్‌సేఫ్ పరీక్ష మాత్రం వదలొద్దు. ప్రాప్స్ లేవని ఇంకోసారి చూసుకుని, బ్యాటరీ పెట్టి, ఆర్మ్ చేసి, థ్రాటిల్ కొద్దిగా పెంచి, రేడియో ఆపేయండి. రెండు మూడు సెకన్లలో మోటార్లు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ డ్రోన్ ఎగరడానికి పనికిరాదు, కారణం దొరికేదాకా ప్రాప్స్ పెట్టకండి. ఎస్‌బస్ అనే పాత పద్ధతి రిసీవర్లు వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. వాటిలో కొన్ని సిగ్నల్ పోయాక కూడా చివరి స్టిక్ విలువలనే పట్టుకుని పంపుతూ ఉంటాయి, ఫ్లైట్ కంట్రోలర్‌కి లింక్ పోయిన సంగతే తెలియదు. రిసీవర్ ఫెయిల్‌సేఫ్ సెట్టింగ్ ఇలా పట్టుకునే హోల్డ్‌లో ఉంటే, ఏమీ పంపని నో పల్సెస్‌కి మార్చండి. తర్వాత ఆర్మ్ స్విచ్ ఆపి, థ్రాటిల్ దించి రేడియో మళ్లీ ఆన్ చేయండి. మీరు ఆర్మ్ చేసేదాకా మోటార్లు తిరగకూడదు.

బయటికి వెళ్లేముందు ఎగరేసే చోటు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) మ్యాప్‌లో గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. వాన తగ్గిన మర్నాడు చెట్లు తడిగా ఉంటే ఆకుల వెనక్కి పోనివ్వకండి, తడి ఆకులు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని బాగా మింగేస్తాయి. రేడియో యాంటెనా కొనని డ్రోన్ వైపు గురిపెట్టొద్దు, ఆ కొన వైపే సిగ్నల్ అతి తక్కువ. సంక్రాంతి ముందు పది రోజులు కాలనీల దగ్గర ఎగరేయడం మానుకోవడమే మేలు. మాంజా మోటారుకి చుట్టుకుందంటే యాంటెనాని కూడా లాక్కుపోతుంది, కింద మేడల మీద పిల్లలుంటారు.

గ్రౌండ్‌లో మొదటి బ్యాటరీని రేసుకి వాడకండి. పవర్ 100 మిల్లీవాట్లకి పెంచి, మనుషులు లేని వైపు, యాభై మీటర్ల లోపలే నాలుగు చుట్లు తిప్పి దించండి. 250 హెర్ట్జ్ మోడ్‌లో (సెకనుకి 250 ప్యాకెట్లు పంపే సెట్టింగ్) రిసీవర్ మైనస్ 108 డీబీఎమ్ దాకా వినగలదు కాబట్టి మైనస్ 98 దగ్గర రేడియో హెచ్చరించేలా పెట్టుకుని, వినపడగానే వెనక్కి తిప్పండి. దించాక గాగుల్స్‌లో వచ్చే లెక్కల్లో అతి తక్కువ సిగ్నల్ ఎంతో చూసి, ఇంట్లో పది అడుగుల అంకె రాసుకున్న పేజీలోనే తేదీ వేసి రాసుకోండి.