నెదర్లాండ్స్ తులిప్ పూలు పదిమందితో కలిసి చూడాలంటే: ముందు తేదీ, తర్వాతే టికెట్లు

ప్రతి ఏడూ మే నెలలో ఇదే వరస. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమ్మానాన్నలు, పిన్నీ బాబాయిలు, పిల్లలు అంతా కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగుతారు. "తులిప్ పొలాలు ఎక్కడ?" అని అడుగుతారు. అప్పటికి పొలాల్లో పచ్చటి కాడలు తప్ప పువ్వు ఉండదు. లక్షలు పోసి వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఇక్కడ ఉంటున్న తెలుగువాళ్లందరికీ తెలుసు.

సులువైన పనులు ముందు తెమిల్చేద్దాం. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి దాటనివ్వకండి. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వాన ఆపే జాకెట్, బూట్లు అందరికీ ఉండాలి. గొడుగు ఇక్కడి గాలికి పనికిరాదు. బస్సయినా రైలయినా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బ్యాంకు కార్డో, ప్రయాణ కార్డో ట్యాప్ చేయాలి. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు కాబట్టి పెద్దవాళ్ల చేతిలోనూ ఎవరి కార్డు వాళ్లకు పెట్టండి.

బస మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో వద్దు. హార్లెమ్‌లో గానీ లైడెన్‌లో గానీ దిగండి. పూల ప్రాంతం ఈ రెండు ఊళ్ల మధ్యే ఉంది. లైడెన్‌లో అయితే ఇంకో లాభం: క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త నాటిన తులిప్‌లు 1594లో పూసిన విశ్వవిద్యాలయ తోట ఇప్పటికీ ఉంది.

ఇక అసలు పని, తేదీ పెట్టుకోవడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

లిస్సెలోని క్యూకెన్‌హాఫ్ తోట మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా తెరిచి ఉంటుంది. అది చూసి "మే మొదట్లో వెళ్లినా సరిపోతుంది కదా" అనుకుంటారు. తోట వేరు, పొలం వేరు. తోటలో 32 హెక్టార్లలో దాదాపు 70 లక్షల దుంపలు నాటుతారు. ముందు పూసేవి, మధ్యలో పూసేవి, ఆలస్యంగా పూసేవి ఒకదాని మీద ఒకటి పొరలుగా పెడతారు కాబట్టి తెరిచి ఉన్నన్నాళ్లూ ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. రోడ్డు పక్కన మైళ్ల పొడవునా ఎరుపు, పసుపు, ఊదా చారలు పరిచినట్టుండే పొలాలకు ఆ ఏర్పాటు లేదు.

పొలంలో రైతు పండించేది పువ్వు కాదు, దుంప. మన పసుపు రైతుకు లాగే ఇతని ఆదాయం కూడా మట్టి కిందే ఉంటుంది. పువ్వు విచ్చాక తెగులు పట్టిన మొక్కలేవో, వేరే రకం ఎక్కడ కలిసిందో చూసుకుంటాడు. ఆ తర్వాత యంత్రం పెట్టి పూల తలలు కోసేస్తాడు. బలమంతా దుంపలోకి దిగాలని. కోసిన పూలు మళ్ల మధ్య కాలవల్లో వరసగా పడి ఉంటాయి. రెండు రోజులకే రేకులు నల్లబడి మెత్తబడతాయి. పొద్దున ఎర్రగా ఉన్న చేను సాయంత్రానికి పచ్చగా మారిపోవచ్చు.

పూత కూడా ఒకేసారి రాదు. మార్చిలో క్రోకస్, మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా డాఫొడిల్, హయసింత్, ఆ తర్వాత మే మొదటి రోజుల దాకా తులిప్. చలి ఎక్కువైతే ఇవన్నీ వెనక్కి జరుగుతాయి, ఎండ ముందే వస్తే ముందుకు జరుగుతాయి. మన బడులకు వేసవి సెలవులిచ్చేది ఏప్రిల్ చివరి వారంలో. సెలవులు చూసుకుని టికెట్ కొన్నారంటే పొలాలు పోయినట్టే. ఏప్రిల్ 15 ప్రాంతంలో దిగి 25 లోపు బయల్దేరండి. పిల్లలు వారం బడి మానడం కుదరదంటే ఉత్తరాన నూర్డ్‌ఓస్ట్‌పోల్డర్ వైపు వెళ్లండి. అక్కడ పూత హార్లెమ్, లైడెన్‌ల మధ్య ఉన్న సముద్రతీరం కంటే ఆలస్యం.

నేనైతే పూల ఊరేగింపును బట్టే తేదీ పెడతాను. ఏప్రిల్ మధ్యలో ఒక శనివారం పూలతో అలంకరించిన బండ్లు నూర్డ్‌వైక్ నుంచి హార్లెమ్ దాకా 40 కిలోమీటర్ల పైన సాగే ఊరేగింపు అది. తేదీ ముందే ప్రకటిస్తారు. దాని చుట్టూ మిగతావి ఇలా అమర్చుకోండి.

గురువారం క్యూకెన్‌హాఫ్. టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఉదయం 8 గంటలదే తీసుకోండి. టూర్ బస్సులు నిండే వేళకు మీ ఫోటోలు అయిపోవాలి. టూర్ బస్సు మీరు అస్సలు ఎక్కకండి. వాళ్ల టైమ్‌కు దిగి, వాళ్ల టైమ్‌కు ఎక్కితే పెద్దవాళ్లకు బెంచీ మీద కూర్చునే తీరికే దొరకదు. స్కిపోల్ విమానాశ్రయం, లైడెన్, హార్లెమ్ మూడింటి నుంచీ మామూలు బస్సులున్నాయి.

శుక్రవారం ఆల్క్‌మార్ చీజ్ సంత, ఉదయం 10 గంటలకు. తెల్లబట్టలు, గడ్డి టోపీలు పెట్టుకున్న మోతగాళ్లు ఇద్దరిద్దరుగా ఎనిమిదేసి చీజ్ బిళ్లల కావడి భుజాలకు తగిలించుకుని పరుగు లాంటి నడకతో వెళ్తారు. కావడి ఊగకూడదని ఒకరు కుడికాలు వేస్తే మరొకరు ఎడమకాలు వేస్తారు. అది దగ్గర నుంచి చూడాలంటే తొమ్మిదిన్నరకే తాడు దగ్గర నిలబడాలి. శాకాహారులు చీజ్ కొనేముందు అడగాలి. సంప్రదాయ పద్ధతిలో పాలు విరిచేది దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తో.

శనివారం ఊరేగింపును లిస్సెలో చూడొద్దు, ఆ రోజు అక్కడ నిలబడే చోటు ఉండదు. హిల్లెగోమ్‌లోనో సాసెన్‌హైమ్‌లోనో వీధి పక్కన మడత కుర్చీలు వేసుకోండి. బండి మలుపు తిరగకముందే హయసింత్ వాసన వచ్చేస్తుంది. ఆదివారం ఆ బండ్లనే హార్లెమ్‌లో నిలబెడతారు, చుట్టూ తిరిగి తీరిగ్గా చూడొచ్చు.

ఏప్రిల్ 27 దాకా ఉండేవాళ్లకు రాజుగారి పుట్టినరోజు పండుగ దొరుకుతుంది. అది ఆదివారం పడితే 26న చేస్తారు. నారింజ రంగు బట్టలు వేసుకుని చిన్న ఊరికి వెళ్లండి. పిల్లలు దుప్పటి పరిచి పాత బొమ్మలు అమ్ముతుంటారు, మన పిల్లలు బేరమాడి కొనుక్కోవచ్చు.

ఫోటో కోసం చేలల్లోకి దిగొద్దు. అది ఒకరి పంట. చెప్పుల మట్టితో ఒక మడి తెగులు ఇంకో మడికి పాకుతుంది, కాలి కింద మొక్క నలుగుతుంది. గట్టు మీద నిలబడి ఫోన్ కాస్త కిందికి పట్టుకుంటే చాలు, పూల మధ్య ఉన్నట్టే వస్తుంది.

దుంపలు ఇంటికి తీసుకెళ్దామనే ఆశ కూడా మానుకోండి. విదేశీ దుంపలకు మన ప్లాంట్ క్వారంటైన్ అనుమతి పత్రాలు కావాలి. అవి తెచ్చుకున్నా, తులిప్ దుంపకు నెలల తరబడి గట్టి చలి పడితే గానీ సరిగా పువ్వు రాదు. ఆ డబ్బుతో ఊరేగింపు రోజు అమ్మే హయసింత్ దండ ఒకటి కొని అమ్మమ్మ మెడలో వేయండి.