ఖరీదైన హాలిడే ఐషాడో ప్యాలెట్ మన రెప్పకు పనికొస్తుందా? ఎలా తేల్చుకోవాలి?

అక్టోబరు, నవంబరు వచ్చిందంటే పెద్ద మేకప్ కంపెనీలు క్రిస్మస్ పేరుతో ప్రత్యేక ఐషాడో ప్యాలెట్లు, అంటే కనురెప్పలకు వేసే పౌడర్ రంగులు గదులు గదులుగా అమర్చిన డబ్బాలు, వదులుతాయి. డియోర్, షనెల్ లాంటి ఫ్రెంచి కంపెనీలకు ఇది ఏటా ఉండే తంతే. బంగారు రంగు డబ్బా, పౌడర్ మీద అచ్చు వేసిన నక్షత్రమో పువ్వో, పక్కన 'లిమిటెడ్ ఎడిషన్' అనే మాట. ఆ మాట చూడగానే టెన్షన్ మొదలవుతుంది, ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదేమోనని. విజయనగరంలో ఉండేవాళ్లకు దీనికి తోడు ఇంకో ఇబ్బంది. ఇంత ఖరీదైనవి చేతి మీద రాసుకుని చూడాలంటే విశాఖ దాకా వెళ్లాలి. లేదంటే ఫోన్లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి ప్యాలెట్‌ని దాని మెరుపు చూసి అంచనా వేయకండి. మెరిసే షేడ్ చక్కగా చేయడం ఇప్పుడు చవక కంపెనీలకు కూడా వచ్చేసింది. మెరవని మ్యాట్ రంగు రెప్ప మీద ఎలా పరుచుకుంటుందన్న దాంట్లోనే పెట్టిన డబ్బు విలువ తేలుతుంది.

1. ముందు పెట్టె వెనక వైపు చదవండి

విదేశం నుంచి వచ్చిన ప్యాలెట్ అయితే మన దేశంలో అమ్మేటప్పుడు దాని మీద దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, ఎంఆర్‌పి, బరువు ఉండాలి. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇవేవీ లేకుండా 'ఒరిజినలేనండి, దుబాయ్ నుంచి తెప్పించాం' అని సగం ధరకు ఎవరైనా అమ్ముతుంటే వదిలేయండి. కంటి మీద రాసుకునే వస్తువు ఇది. మన నిబంధనలు సౌందర్య సాధనాల రంగుల్లో సీసం, ఆర్సెనిక్‌కు హద్దులు పెట్టాయి. నకిలీ సరుకు తయారుచేసేవాడు ఆ హద్దులు చూసుకుంటాడని నమ్మకం ఏమిటి?

తరవాత బరువు. హాలిడే ప్యాలెట్లలో డబ్బా పెద్దది, పౌడర్ కొంచెం. 6 వేల రూపాయల ప్యాలెట్‌లో 6 గ్రాములుంటే గ్రాము వెయ్యి రూపాయలన్నమాట. అదే కంపెనీ ఏడాదంతా అమ్మే మామూలు ప్యాలెట్‌కి కూడా ఈ లెక్క కట్టి చూడండి. రెంటికీ తేడా ఎక్కువగా ఉంటే ఆ తేడా డబ్బాకే.

పదార్థాల జాబితాలో రంగులకు అంకెలుంటాయి. సి.ఐ. (కలర్ ఇండెక్స్) 77491, 77492, 77499 అంటే ఐరన్ ఆక్సైడ్లు, అంటే ఎరుపు, పసుపు, నలుపు. సి.ఐ. 77891 అంటే టైటానియం డయాక్సైడ్, తెలుపు. మెరుపునిచ్చే మైకా అంకె 77019. శాకాహారం పట్టింపు ఉన్నవాళ్లు 75470 ఉందేమో వెతకండి. అది కార్మైన్, ఒక రకం పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. పండగ ప్యాలెట్లలోని ముదురు గులాబీ, ద్రాక్ష రంగుల్లో తరచూ కనిపిస్తుంది.

మూత తెరిచిన డబ్బా బొమ్మ, దానిలో 12ఎం అనో 24ఎం అనో ఉంటే, తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని అర్థం.

2. పైపూత తుడిచి అసలు రంగు చూడండి

ఇది చాలామందికి తెలియని సంగతి. కొన్ని పండగ ప్యాలెట్లలో అచ్చు బొమ్మ అందంగా కనిపించాలని పౌడర్ పైన మెరుపు పొర ఒకటి పల్చగా చల్లుతారు. నాలుగైదు సార్లు బ్రష్ తగిలేసరికి అది కాస్తా పోతుంది.

పోయిన క్రిస్మస్‌కి మా పిన్ని కూతురు ఒక ప్యాలెట్ తెప్పించుకుని పరుగున వచ్చింది. "అక్కా, ఈ బంగారం చూడు, ఒక్క గీతకే ఎలా మెరిసిపోతోందో!"

"ముందు టిష్యూ ఇలా ఇవ్వవే" అని ప్యాలెట్ మధ్య గదిలో ఓ మూల మెల్లగా తుడిచాను. టిష్యూకి బంగారమంతా అంటుకుంది. గదిలో మిగిలింది లేత గోధుమరంగు, అదీ పెద్దగా మెరుపు లేనిది. మా చెల్లి మొహం ముడుచుకుంది. నిజానికి ఆ గోధుమరంగే దానికి బాగా నప్పింది, అది వేరే సంగతి. ఫొటోలో చూసి కొన్న రంగు మాత్రం అది కాదు.

అందుకే ప్రతి గదిలో ఓ మూల తుడిచి, కింద తేలిన రంగునే అసలు రంగుగా తీసుకోండి. అచ్చు బొమ్మ చెరిగిపోతుందని మొదట్లో ప్రాణం ఒప్పదు. చెరపకపోతే పరీక్షే లేదు.

3. వేలితో ఒకసారి, బ్రష్‌తో ఒకసారి

వేలికి వెచ్చదనం, జిడ్డు రెండూ ఉంటాయి కాబట్టి వేలితో రాస్తే ఎంత పేలవమైన షిమ్మర్ (మెరిసే షేడ్) అయినా చిక్కగా కనిపిస్తుంది. ఆన్‌లైన్లో కనిపించే స్వాచ్‌లలో, అంటే రంగు చూపడానికి చర్మం మీద గీసే గీతల్లో, చాలావరకు వేలితో గీసినవే. అలా ఒకసారి గీసి చూసుకోండి, తప్పులేదు. పక్కనే బ్రష్‌తో కూడా రాయండి. మ్యాట్ షేడ్లకైతే బ్రష్ గీతనే లెక్కలోకి తీసుకోండి.

ఎక్కడ రాస్తున్నామన్నదీ ముఖ్యమే. మణికట్టు లోపలి వైపు చర్మం తెల్లగా ఉంటుంది. మనలో చాలామందికి కనురెప్ప, కంటి చుట్టూ ఉండే చర్మం ముఖం కంటే ముదురుగా ఉంటుంది. మణికట్టు లోపల అందంగా కనిపించిన రంగు రెప్ప మీదకు వెళ్లేసరికి కనబడకుండా పోవచ్చు. అందుకని ముంజేతి పైవైపు, ఎండ తగిలే చోట రాయండి. షాపులో టెస్టర్ ఉంటే చేతి మీదే ఆపేయండి, పదిమంది వేళ్లు పెట్టినదాన్ని కంటి దగ్గరికి రానివ్వొద్దు.

ఈ దశలోనే ఇంకో చిన్న పని. గీతలన్నీ పక్కపక్కన గీసి ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. ఐదు గీతలూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే, ఆ ప్యాలెట్‌లో ఐదు రంగులున్నా కంటికి లోతు తెచ్చే రంగు లేనట్టే. ఒకటి లేత, రెండు మధ్యస్థం, ఒకటైనా బాగా ముదురు ఉంటేనే ఒక్క ప్యాలెట్‌తో కంటి మేకప్ పూర్తవుతుంది. పండగ ప్యాలెట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. షాంపేన్, బంగారం, రోజ్ గోల్డ్, రాగి అన్నీ కలిపి ఇస్తారు, చివరికి రెప్ప మీద అన్నీ ఒకేలా ఉంటాయి.

4. మ్యాట్ పరీక్ష

ఇక్కడ కాస్త ఓపిక పెట్టండి.

ముఖం కడుక్కుని ఆరాక ఒక రెప్పకు ప్రైమర్ (ఐషాడో నిలవడానికి దాని కింద రాసే పూత) రాయండి, రెండోదానికి ఏమీ రాయొద్దు. ఫౌండేషన్ అప్పుడే వేసుకోవద్దు. మీ చర్మం కంటే ఒక మెట్టు ముదురుగా ఉన్న మ్యాట్ రంగును మెత్తటి బ్రష్‌తో కొద్దిగా తీసుకుని, అదనంగా ఉన్నది దులిపి, రెప్ప మడత మీద అటూ ఇటూ తిప్పండి. మూడు విషయాలు గమనించాలి.

రంగు మెల్లగా, సమంగా పెరుగుతోందా, లేక బ్రష్ మొదట తగిలిన చోటే మచ్చలా అతుక్కుని ఇక కదలడం లేదా? మంచి మ్యాట్ రెండు మూడు సార్లు తిప్పేసరికి అంచుల్లో కరిగిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుంది. ప్రైమర్ లేని కంటి మీద కూడా అలా కరిగిందంటే పౌడర్ నాణ్యమైనదే.

దాని పక్కన ముదురు మ్యాట్ పెట్టి రెండూ కలిసే చోట తిప్పండి. అక్కడ మూడో రంగు ఒకటి పుట్టాలి. బురద రంగు తేలితే మాత్రం ఆ రెండు షేడ్లూ కలిపి వాడలేరు. ముదురు ఊదా, ముదురు ఆకుపచ్చల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. కొన్ని పండగ ప్యాలెట్లలో ఆ రెండూ ఉంటాయి.

మూడోది బూడిదతనం. లేత మ్యాట్ రంగుల్లో టైటానియం డయాక్సైడ్ తెలుపు ఎక్కువగా పడుతుంది. తెల్లటి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని కలిపిన లేత రంగు చామనఛాయ రెప్ప మీద విభూతి రాసినట్టు కనిపిస్తుంది. అద్దం ముఖం దగ్గర పెట్టుకుంటే ఇది తెలియదు, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. పెళ్లిళ్లలో పసుపు రాసుకున్న ముఖం మీద, మధుపర్కాల ఎరుపు తెలుపుల పక్కన ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెండి, చల్లటి గులాబీ షిమ్మర్లకూ ఇదే సమస్య. రాగి, కంచు, పాత బంగారం ఛాయలు మనకు అంత తేలిగ్గా మోసం చేయవు.

ఈ పరీక్షలో మ్యాట్లు ఫెయిలైతే నేనైతే అక్కడితో ఆపేస్తాను. షిమ్మర్లు ఎంత బాగున్నా సరే, అంత డబ్బు పెట్టను.

5. షిమ్మర్, గ్లిట్టర్

పొడి బ్రష్‌తో, తడి బ్రష్‌తో, వేలితో మూడు రకాలుగా వేసి చూడండి. కంటి కింద బుగ్గ మీద తెల్ల టిష్యూ పట్టుకుంటే ఎంత రాలుతోందో లెక్క తెలిసిపోతుంది. కాస్త రాలడం సహజమే. మిఠాయి పొడిలా రాలే గ్లిట్టర్ అయితే జాగ్రత్త, అందులో చాలావరకు సన్నగా తరిగిన ప్లాస్టిక్ ముక్కలే. కంట్లో పడితే గీరుకుంటుంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు అసలు వాడకపోవడమే మంచిది.

6. మన వెలుతుర్లలో, మన ఉక్కలో

కంపెనీ ఫొటోలు స్టూడియో లైట్లలో తీస్తారు. మనం తిరిగేది వేరు. పొద్దున్న ఎనిమిదింటికి వరండాలో ఒకసారి, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, సాయంత్రం పసుపు బల్బు కింద ఒకసారి, ఫోన్ ఫ్లాష్ వేసి ఒకసారి చూడండి. ఎండలో ద్రాక్ష రంగుగా కనిపించినది ట్యూబ్‌లైట్ కింద గోధుమరంగు అయిపోవడం మామూలే. పెళ్లి మండపంలో వీడియో లైట్ల వేడి, వెలుతురు రెండూ పడతాయి కాబట్టి ఫ్లాష్ ఫొటోలో ఎలా ఉందన్నది ముఖ్యం.

ఇక నిలవడం సంగతి. రెప్ప జిడ్డుకు పౌడర్ తడిసి, కన్ను ఆర్పినప్పుడల్లా మడతలోకి జారి గీతలా పేరుకుంటుంది. ప్రైమర్ ఆ జిడ్డుకీ పౌడర్‌కీ మధ్య పొరలా నిలుస్తుంది. ప్రైమర్ వేసిన కన్ను, వేయని కన్ను తేడా చూడమన్నది అందుకే. ప్యాలెట్ చేతికొచ్చేది డిసెంబరులో. అప్పుడు విజయనగరంలో ఉదయాలు చల్లగా ఉంటాయి, చెమట పట్టదు. ఆ చల్లదనంలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలిచిందని మురిసిపోవద్దు. ధనుర్మాసంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు. ముహూర్తాలు మాఘం నుంచి మొదలై వైశాఖం దాకా నడుస్తాయి, అప్పటి ఉక్క సంగతి మన కోస్తా జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. పైడితల్లి సిరిమాను రోజున మధ్యాహ్నం నుంచి జనంలో నిలబడటం కంటే గట్టి పరీక్ష ఇంకోటి లేదు గానీ, దసరా దాటిన ఆ మంగళవారానికి ఈ ప్యాలెట్లు చాలావరకు బజారుకే రావు.

కాబట్టి ఇంట్లోనే పెట్టండి పరీక్ష. ఐషాడో వేసుకుని వంటింట్లో పొయ్యి దగ్గర అరగంట పని చేయండి, ఫ్యాన్ వేసుకోకుండా. తరవాత మీ పనులు మీరు చేసుకుంటూ నాలుగు గంటలయ్యాక ఒకసారి, ఎనిమిది గంటలయ్యాక ఒకసారి ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. మడతలో గీత ఎప్పుడు మొదలైంది, రంగు ఎంత తగ్గింది, మెరుపు బుగ్గల మీదకు దిగిందా అన్నది ఆ ఫొటోల్లో కనిపిస్తుంది. నిజాయతీగా చెప్పాలంటే ప్రైమర్ లేకుండా ఎనిమిది గంటలు గీత పడకుండా నిలిచే పౌడర్ మన వాతావరణంలో చాలా అరుదు. ప్రైమర్‌తో కూడా నాలుగు గంటలకే మడతలో పేరుకుంటే మాత్రం దానికి ఆ ధర ఎక్కువే.

సున్నిత చర్మం ఉన్నవాళ్లు ఇవన్నీ చేయకముందే చెవి వెనక కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు ఆగండి. రాత్రి తీసేటప్పుడు కూడా గమనించండి. దూదికి కొబ్బరి నూనె రాసి రెప్ప మీద కాసేపు ఉంచితే రంగు వచ్చేయాలి. ఎరుపు, ఊదా షేడ్లు తుడిచాక కూడా మరక వదులుతుంటే వాటిని వరసగా రోజూ వాడలేరు.

7. ఉంచుకోవాలా, వద్దా

మీ డ్రాయర్ తెరిచి ఉన్న షేడ్లన్నీ పక్కన పెట్టుకుని మళ్లీ గీతలు గీయండి. ఐదింటిలో మూడు ఇప్పటికే మీ దగ్గర ఉన్నవాటిలాగే ఉంటే, మీరు కొంటున్నది రెండు రంగులే. ఆ రెండింటికి దగ్గరగా ఉండేవి విడిగా దొరుకుతాయేమో చూడండి, ఖర్చు బాగా తగ్గుతుంది. సీలు తీసిన మేకప్‌ని చాలా చోట్ల వెనక్కి తీసుకోరు. అందుకే డబ్బు కట్టేముందు అమ్మేవారి రిటర్న్ నిబంధన చదవండి. పెట్టె వెనక ఉండే వివరాలు, బరువు లెక్క, ఆన్‌లైన్లో ఉన్న షేడ్ల ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడటం, ఈ మూడూ సీలు తీయకుండానే చేయొచ్చు.

ఉంచుకుంటే బాత్రూం అలమరలో పెట్టొద్దు, తడికి పౌడర్ పాడవుతుంది. వేలితోనే వాడుతుంటే వేలి జిడ్డుకు పౌడర్ పైన గట్టి పొర కడుతుంది, రంగు రావడం మానేస్తుంది. రంగు అయిపోయిందని పారేయకండి. మామూలు సెల్లో టేపు ముక్క ఆ గదిలో మెల్లగా అద్ది లాగితే ఆ పొర టేపుతో పాటు లేచొచ్చేస్తుంది, కింద పౌడర్ కొత్తదానిలా ఉంటుంది.