సజ్జ మీది వీడియో గేమ్‌ను మళ్ళీ ఆడించడం ఎలా, పిల్లలకు ఏం చెప్పకూడదు

పెట్టె దింపగానే ప్లగ్గు పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే, అందుకే ముందు చెబుతున్నా.

పోయిన దసరాకు కాజీపేటలో మా ఇంటికి వెళ్ళాం. బతుకమ్మ తాంబాలం కోసం సజ్జ ఎక్కితే, పాత చీరలో మూట కట్టిన నా వీడియో గేమ్ దొరికింది. రెండు రిమోట్లు, గన్ను, నాలుగు క్యాసెట్లు, ఒక నోటుబుక్కు, అన్నీ అవ్వ దాచిపెట్టింది. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. నేను గల్లీ చివరి షాపులో గంటకు 5 రూపాయలిచ్చి మొదటిసారి మారియో ఆడిన వయసు కూడా అదే. అప్పుడే నేరుగా ప్లగ్గు పెట్టబోయాను, అదృష్టం కొద్దీ అడాప్టర్ వైరు పగిలి ఉండటం కంటపడింది.

అడాప్టర్‌తో మొదలుపెడదాం. వైరు పగిలినా, ఎలుకలు కొరికినా దాన్ని వాడొద్దు, కొత్తది కొనండి. కొనేముందు పెట్టె అడుగున స్టిక్కర్ చూడండి, ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది, చాలావాటికి 9 ఉంటుంది. దాని పక్కనే పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అని చిన్న గుర్తు ఉంటుంది, అడాప్టర్ మీద కూడా అలాంటిదే ఉంటుంది, రెండూ ఒకేలా ఉండాలి. వోల్టులు సరిపోయాయి కదా అని ఈ గుర్తు చూడకుండా పెడితే పెట్టె కాలిపోవచ్చు. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే ఊహించి పెట్టకండి, పాత టీవీలు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మీటరు పెట్టి చూసి చెబుతాడు.

ఇక క్యాసెట్. మనందరం ఊదినవాళ్ళమే. ఆడకపోతే తీసి ఉఫ్ ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం, ఆడేది, ఊదడం వల్లే ఆడిందని నమ్మేవాళ్ళం. నిజానికి పని చేసింది ఊపిరి కాదు, తీసి మళ్ళీ పెట్టడం. అలా చేస్తే పిన్నులు కొత్త చోట ఆనుకుంటాయి. ఊపిరిలోని తేమ మెల్లగా పిన్నులను పాడుచేస్తుంది, అందుకని ఇప్పుడు ఊదకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవులు తుడిచే ఇయర్‌బడ్ ముంచి పిన్నుల మీద అటూ ఇటూ రుద్దండి, నల్లగా వస్తుంది, తెల్లగా వచ్చేదాకా బడ్లు మారుస్తూ రుద్ది పది నిమిషాలు ఆరనివ్వండి. ఇంకా మరక పోకపోతే తెల్ల రబ్బరుతో మెత్తగా రుద్దండి. గరుకు కాగితం మాత్రం వద్దు, పిన్ను మీది పూత ఊడిపోతుంది.

క్యాసెట్ వేరేది కొనాలనుకుంటే ఒక సంగతి. మనం ఆడినవి చాలావరకు నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. దాని క్యాసెట్‌కు 60 పిన్నులు. అదే యంత్రాన్ని అమెరికాలో వేరే పేరుతో అమ్మినప్పుడు క్యాసెట్‌కు 72 పిన్నులు పెట్టారు, అది మన పెట్టెలో పట్టదు. ‘9999 ఇన్ 1’ అని రాసి ఉన్నవాటిని చూసి మురిసిపోకండి, లోపల ఉండేవి కొన్ని ఆటలే, అవే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వస్తాయి.

టీవీకి కలపడం తేలికే. పసుపు వైరు బొమ్మకు, తెల్లది శబ్దానికి. కొత్త టీవీకి ఆ రంధ్రాలు లేకపోతే ఏవీ (ఈ రంగు వైర్లు) నుంచి హెచ్‌డీఎంఐకి (కొత్త టీవీ వెనక ఉండే చప్పటి రంధ్రం) మార్చే చిన్న డబ్బా కొనండి. దానికి తిరగేసి పనిచేసే డబ్బా కూడా అచ్చం అలాగే ఉంటుంది, పేరు రెండుసార్లు చదివి తీసుకోండి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేసి, బొమ్మ కొలత 4:3 పెట్టండి. లేకపోతే మారియో లావుగా సాగిపోయి కనిపిస్తాడు, మీట నొక్కాక కొంచెం ఆగి ఎగురుతాడు, ప్రతి గుంతలోనూ పడతాడు.

రిమోట్ మీటలు పనిచేయకపోతే వెనక స్క్రూలు విప్పండి. లోపలి రబ్బరు అడుగున ఉన్న నల్ల చుక్కలను పొడిబట్టతో మెల్లగా, బోర్డును ఆల్కహాల్ బడ్‌తో తుడిస్తే చాలావరకు బాగవుతాయి.

గన్ను మాత్రం కొత్త టీవీలో పనిచేయదు, పాడైందనుకుని పారేయకండి. బాతులను కాల్చే ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలుగుతుంది. గన్నులో ఉండేది వెలుతురును పట్టే చిన్న కన్ను, ఆ తెలుపు కనిపిస్తే తగిలినట్టు లెక్క. ఇదంతా పాత డబ్బా టీవీ గీతలు గీసే వేగానికి సరిపోయేలా చేసింది, ఇప్పటి టీవీలో ఆ తెలుపు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఎవరింట్లోనైనా డబ్బా టీవీ మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకోండి. నేను మా చిన్నమ్మ వాళ్ళింటి నుంచి ఆటోలో తెచ్చాను.

ఇంతవరకు రిపేరు. అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది, నేను తప్పు చేసింది కూడా ఇక్కడే. ఆన్ చేయగానే పాప పక్కన కూర్చుని ‘ఇక్కడ ఎగురు, ఆ డబ్బాను గుద్దు, పుట్టగొడుగు పట్టుకో’ అని మొత్తం చెప్పేశాను. పది నిమిషాలకు రిమోట్ పక్కన పెట్టి ‘నువ్వే ఆడుకో బాపూ’ అంది. అప్పుడు అర్థమైంది. మాకెవరూ చెప్పలేదు. షాపులో ఒకడు ఆడుతుంటే వెనక ఆరుగురం నిలబడేవాళ్ళం, కిందికి మీట నొక్కితే పైపులోకి పోవచ్చని ఒకడికి అనుకోకుండా తెలిసింది, ఆ సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. మారియోలో 1-2, అంటే మొదటి లోకం రెండో దశలో మా తమ్ముడు ఇటుకల మీద నుంచి పైకప్పు ఎక్కి, అంకెల వెనక పరుగెత్తి, మూడు పైపుల గదిలో దిగినప్పుడు ‘అన్నా, నేనేం చెయ్యలే, గదే అయింది’ అని భయపడిపోయాడు, టీవీ చెడిందనుకున్నాడు. ఆ భయం, ఆ సంతోషం ఇంకొకరు చెబితే రావు.

అందుకని మీ పిల్లలకు మీటలేవో చూపించి ఆపేయండి. పైపు గురించి, దాచిన లైఫు గురించి నోరు విప్పొద్దు. అడిగితే ‘ఏమో, చూడు’ అనండి. కష్టమే, నాకు తెలుసు, నాలుక చివరిదాకా వస్తుంది. ఒక్కరినే కూర్చోబెట్టకండి, పక్కింటి పిల్లలనూ పిలవండి, ఎవరి లైఫు పోతే వాళ్ళు రిమోట్ ఇచ్చేయాలి. రెండో రోజే మా పాప, పక్కింటి పిలగాడు కలిసి ఒకటి పట్టారు: మారియోలో ఆకాశంలో మబ్బు, నేల మీద పొద ఒకటే బొమ్మ, రంగే వేరు. ఇన్నేళ్ళు ఆడిన నాకు కనిపించలేదు. మొత్తం ఆట 40 కిలోబైట్లలో పట్టాలి కాబట్టి 1985లో అలా పొదుపు చేశారని తర్వాత చెప్పాను. వాళ్ళు పట్టుకున్నాక చెబితే చెవులు రిక్కించి విన్నారు.

కాంట్రా అనే కాల్పుల ఆటలో 30 లైఫులిచ్చే కోడ్ కూడా అంతే. పైకి పైకి కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. ముందు మూడు లైఫులతో వారం రోజులు చావనివ్వండి, అప్పుడు ఇవ్వండి. 1986లో అదే కంపెనీ కొనామి వాళ్ళ గ్రేడియస్ అనే ఆటను పరీక్షించేటప్పుడు అది తనకే కష్టంగా ఉందని, దాన్ని తయారుచేస్తున్న కజుహిసా హషిమోటో తన కోసం పెట్టుకున్న వరుస ఇది, తీసేయడం మరిచిపోతే అలా ఉండిపోయింది. మూడు లైఫులతో చచ్చి చచ్చి ఉన్నవాళ్ళకే ఆయన బాధ తెలుస్తుంది.

ఆట ఆపాక అడాప్టర్ గోడ నుంచి తీసేయండి, అది ఊరికే వేడెక్కుతుంది. మారియోలో సేవ్ ఉండదు, కరెంటు పోతే మళ్ళీ 1-1 నుంచే, అందుకే పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, కనిపెట్టినవి రాసుకోమనండి. మూటలో దొరికిన మా పుస్తకంలో తమ్ముడు పెన్సిల్‌తో గీసిన మూడు పైపులున్నాయి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. మా పాప ఇంకా 1-2లోనే ఉంది, ఆ పైకప్పు తనంతట తాను ఎక్కేదాకా బయటికి తీయను.