కొండ దిగేటప్పుడే మోకాలు జాగ్రత్త
శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే మా పర్లాకిమిడి వాళ్లకి ఒక మాట. ఎక్కేటప్పుడు ఆయాసమే, మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడు, ఒంటి బరువుకి కొన్ని రెట్ల భారం మోకాలిచిప్ప మీద పడేది అప్పుడే. చిన్న చిన్న అడుగులు వెయ్యండి, చేతిలో కర్ర ఉంచుకోండి.

నేను పోయినేడు కుర్రాళ్లతో పోటీపడి గబగబా దిగుతుంటే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుని ఒళ్లు మాత్రం పక్కకి తిరిగింది, మోకాల్లో టక్‌మంది. ఇంటికొచ్చి వేడి నూనెతో మర్దనా చేయించుకున్నా, తెల్లారేసరికి గుమ్మడికాయే! మొదటి రెండు రోజులు వేడీ మర్దనా రెండూ వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి.

టక్‌మన్న కొన్ని గంటల్లోనే బాగా వాచిపోతే లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలాంటిది, తెగిందేమోనని అనుమానించాలి. మర్నాటికి మెల్లగా వాచి, వంచబోతే మధ్యలో పట్టేస్తుంటే మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలాంటిది, చిరిగి ఉండొచ్చు. ఏదైనా సరే, కాలు మోపలేకపోతే ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్లండి, కట్లు కట్టేవాళ్ల దగ్గరికి కాదు.

బాగున్నవాళ్లు ఇప్పట్నుంచే వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలు వంచకుండా అడుగెత్తు లేపి, అయిదు లెక్కపెట్టి దించండి, ఒక్కో కాలికి పదిసార్లు. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.